ఓపెన్‌సోర్స్ ఫోన్ మూత తీస్తే: ఏ చిప్పు ఎంతవరకు తెరిచి ఉంది?

అడిగిన ప్రశ్న ఇది: "ఓపెన్‌సోర్స్ స్మార్ట్‌ఫోన్ అంటున్నారు కదా, లోపలి హార్డ్‌వేర్ కూడా ఓపెనేనా? మామూలు ఫోన్‌లో ఉండే చిప్పులే ఉంటాయా, వేరేవా? కొనేముందు ఏయే భాగాలు చూసుకోవాలి?"

చిప్పులు మామూలువే. ప్రాసెసర్, మోడెమ్ (సిమ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం), వై-ఫై, మెమరీ అన్నీ ఎవరో ఒక పెద్ద తయారీదారు దగ్గర కొన్నవే. వాటి లోపలి డిజైన్ ఎవరూ బయటపెట్టరు. బయటపెట్టేవి రెండు: ఆ చిప్పుల మధ్య తీగలు ఎలా నడిచాయో చూపే సర్క్యూట్ డయాగ్రమ్, వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్. "ఓస్, ఇంతేనా?" అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఎంబెడెడ్ బోర్డులతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక అర్థమైంది, కిటుకంతా ఆ తీగల్లోనే ఉందని.

అందుకే ఫోన్ మొత్తానికి కలిపి "ఓపెన్", "ఓపెన్ కాదు" అని ముద్ర వేయడం నాకు నచ్చదు. ఒక్కో చిప్పుని పట్టుకుని మూడు విషయాలు అడగాలి. దాని డ్రైవర్ (చిప్పుని నడిపించే కోడ్) లైనక్స్ ప్రధాన కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, చేరిందా, లేక తయారీదారు ఇచ్చిన పాత కెర్నెల్‌తోనే పనిచేస్తుందా? దాని లోపల సోర్సు కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేర్, అంటే చిప్పు సొంత ప్రోగ్రామ్, నడుస్తోందా? నడిస్తే, ఆ చిప్పు చెయ్యి ఎంతదూరం చాపగలదు, అంటే మీ మెమరీనీ మైకునీ అది సొంతంగా అందుకోగలదా? మొదటి రెండూ అందరూ అడుగుతారు. మూడోది అడిగేవాళ్లు తక్కువ. నా లెక్కలో అదే ముఖ్యం.

ఉదాహరణకి రెండు ఫోన్లు తీసుకుంటాను, రెండింటి సర్క్యూట్ డయాగ్రమ్‌లూ ఎవరైనా దించుకుని చూడొచ్చు కాబట్టి. ఒకటి పైన్64 వాళ్ల పైన్‌ఫోన్, 2020 ఆరంభంలో జనం చేతికి వచ్చింది. రెండోది ప్యూరిజం వాళ్ల లిబ్రెమ్ 5. దీనికి 2017లో జనం దగ్గరే డబ్బు పోగుచేశారు, 2019 చివర్లో పంపడం మొదలుపెట్టారు. వీటికి పెద్దన్న లాంటిది ఓపెన్‌మోకో నియో 1973. అది 2007 నాటిది. దాని తర్వాత 2008లో వచ్చిన ఫ్రీరన్నర్ సంగతి కింద చెబుతాను.

ముందు ప్రాసెసర్. పైన్‌ఫోన్‌లో ఉన్నది ఆల్‌విన్నర్ ఏ64. నాలుగు కార్టెక్స్-ఏ53 కోర్లు, మాలి-400 గ్రాఫిక్స్. ఇది టాబ్లెట్ల కోసం 2015లో వచ్చిన చిప్పు, అంటే ఫోన్ వచ్చేనాటికే పాతబడింది. లిబ్రెమ్ 5లో ఎన్‌ఎక్స్‌పీ వాళ్ల ఐ.ఎంఎక్స్ 8ఎం క్వాడ్, అందులోనూ నాలుగు ఏ53 కోర్లే. ఇది అసలు ఫోన్ల కోసం చేసిందే కాదు, పారిశ్రామిక పరికరాల వైపుది. "ఇంత నెమ్మది చిప్పులు ఎందుకు పెట్టారు?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. కారణాలు రెండు. ఒకటి, వీటి డ్రైవర్లు అప్పటికే చాలావరకు ప్రధాన కెర్నెల్‌లో ఉన్నాయి, లేదా రాయడానికి సరిపడా పత్రాలు బయట దొరుకుతున్నాయి. రెండోది, వీటిలో మోడెమ్ లేదు. వేగంగా ఉండే ఫోన్ చిప్పుల్లో దాదాపు అన్నిట్లో మోడెమ్ కూడా అదే సిలికాన్ ముక్క మీద కూర్చుని ఉంటుంది. దాన్ని వదిలించుకోవాలంటే వేగం వదులుకోవాలి. ఇది పొరపాటున జరిగింది కాదు, తెలిసి చేసిన బేరం.

గ్రాఫిక్స్ సంగతి ఇప్పుడు బాగుంది. మాలి-400కి లీమా, ఆ తర్వాతి మాలి తరాలకి పాన్‌ఫ్రాస్ట్, లిబ్రెమ్‌లోని వివాంటే గ్రాఫిక్స్‌కి ఎట్నావివ్ అనే ఓపెన్ డ్రైవర్లున్నాయి. తయారీదారులు ఇవ్వకపోతే చిప్పు ప్రవర్తనని గమనిస్తూ, కమాండ్లు ఒక్కొక్కటే పసిగడుతూ రాసుకున్నవివి. లీమా, పాన్‌ఫ్రాస్ట్ రెండూ 2019లో లైనక్స్ 5.2తో కెర్నెల్‌లోకి వచ్చాయి. అంతకుముందు ఇలాంటి ఫోన్ తేవాలంటే గ్రాఫిక్స్ దగ్గరే బండి ఆగిపోయేది.

ఇక ఫోన్ ఆన్ చేసినప్పుడు ఏం జరుగుతుందన్నది. ప్రాసెసర్‌లో చెక్కేసిన చిన్న బూట్ రోమ్ కోడ్ ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. ఏ64లో అది ముందు మైక్రోఎస్‌డీ కార్డు వైపు చూస్తుంది, అక్కడేమీ లేకపోతేనే లోపలి ఈఎంఎంసీ స్టోరేజ్ దగ్గరికి వెళుతుంది. వినడానికి చిన్న విషయం. కానీ ప్రయోగాలు చేసేవాడికి ఇది వరం. లోపలి సిస్టమ్‌ని ఎంత పాడుచేసుకున్నా కార్డు పెట్టి మళ్లీ లేపొచ్చు. తర్వాత వచ్చే యూ-బూట్ అనే బూట్ ప్రోగ్రామ్ ఓపెన్. ర్యామ్‌ని మేల్కొలిపే కోడ్ కూడా ఏ64కి ఓపెన్‌గానే ఉంది. ఐ.ఎంఎక్స్ 8ఎంలో అలా కాదు. అక్కడ ర్యామ్ టైమింగ్ సరిచేసే చిన్న ఫర్మ్‌వేర్ ముక్కకి సోర్సు లేదు. ప్యూరిజం వాళ్లు దాన్ని వేరే ఫ్లాష్ చిప్పులో పెట్టి, ప్రాసెసర్‌లోనే ఉన్న కార్టెక్స్-ఎం4 అనే చిన్న కోర్ చేత ఎక్కించే ఏర్పాటు చేశారు, పెద్ద కోర్లు ఆ కోడ్‌ని ముట్టుకోకుండా. అంత తంటా పడ్డది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే సంస్థ నిబంధనలకి లోబడి ఉండాలని. నన్నడిగితే, దానివల్ల వాడేవాడికి ఒరిగింది తక్కువే. కోడ్ అదే, చోటు మారింది.

ర్యామ్, స్టోరేజ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పైన్‌ఫోన్‌లో 2 లేక 3 జీబీ ర్యామ్, లిబ్రెమ్‌లో 3 జీబీ. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆయాసపడతాయి. ఈఎంఎంసీ లోపల కూడా సొంత కంట్రోలర్, సొంత ఫర్మ్‌వేర్ ఉంటాయి. డిస్కుని మీరు ఎన్‌క్రిప్ట్ చేసుకుంటే దానికి కనిపించేది అర్థంకాని చెత్తే కాబట్టి నేను దాని గురించి టెన్షన్ పడను.

అసలు చోటు మోడెమ్. సిమ్ పెట్టి కాల్ మాట్లాడాలంటే మోడెమ్ కావాలి. ఇవాళ 4జీ మోడెమ్‌లలో పూర్తిగా ఓపెన్ అయినది కొందామంటే దొరకదు. ప్రమాణాల పత్రాలే వేల పేజీలు, వాటి మీద పేటెంట్లు, ఆపైన రేడియో అనుమతులు. మోడెమ్ ఫర్మ్‌వేర్ మారిస్తే ఆ అనుమతి చెల్లుతుందా అన్నది మరో పేచీ. 2జీ రోజుల్లో ఓస్మోకామ్‌బీబీ అనే ప్రాజెక్టు ఈ గోడకి కన్నం వేసింది. టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వాళ్ల కాలిప్సో చిప్పు ఉన్న పాత మోటరోలా ఫోన్ల మీద సొంత మోడెమ్ సాఫ్ట్‌వేర్ నడిపించింది. ఓపెన్‌మోకో ఫోన్లలో ఉన్నదీ ఆ కాలిప్సోనే. ఆ తర్వాతి తరాలకి అంత దూరం ఎవరూ వెళ్లలేదు.

మోడెమ్‌ని తెరవలేం. మరి చేయగలిగిందేమిటి? దూరంగా కూర్చోబెట్టడం. చాలా మామూలు ఫోన్లలో మోడెమ్, ప్రాసెసర్ ఒకే చిప్పులో ఉండి ఒకే ర్యామ్‌ని పంచుకుంటాయి. మధ్యలో అడ్డుగోడ ఉంటుంది, లేదనను. కానీ ఆ గోడ కట్టే కోడ్ కూడా మూసే ఉంటుంది, నిజంగా కట్టారో లేదో మనం చూసుకోలేం. పైన్‌ఫోన్‌లో క్వెక్‌టెల్ ఈజీ25-జీ అనే మోడెమ్ వేరే మాడ్యూల్. దానికీ ప్రాసెసర్‌కీ మధ్య యూఎస్‌బీ తీగ ఉంది, మాట వెళ్లడానికి డిజిటల్ ఆడియో తీగలున్నాయి, ఒక సీరియల్ లైను, నిద్ర లేపడానికీ ఆన్-ఆఫ్‌కీ కొన్ని పిన్నులు ఉన్నాయి. అంతే. మీ డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ డాంగిల్ తగిలించినట్టన్నమాట. యూఎస్‌బీలో ప్రతి బదిలీనీ మొదలుపెట్టేది హోస్ట్ వైపు, అంటే ఇక్కడ ప్రాసెసర్ వైపు, కంట్రోలర్. అవతలి పరికరం తనంతట తాను వచ్చి ర్యామ్ చదవలేదు. నమ్మకం లేని మనిషిని ఇంట్లోకి రానివ్వకుండా అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడటం లాంటిది. మీ కాల్, మీ డేటా అతని చేతుల మీదుగానే వెళతాయి, కాబట్టి వాటిని వినగలడు. బీరువా తెరవలేడు.

ఇంకో తమాషా ఉంది. ఆ ఈజీ25-జీ మాడ్యూల్ లోపల క్వాల్‌కామ్ చిప్పు, అందులో ఒక కార్టెక్స్-ఏ7 కోర్, దాని మీద మళ్లీ ఒక లైనక్స్! అంటే మీ జేబులో ఒకేసారి రెండు లైనక్స్ కంప్యూటర్లు నడుస్తుంటాయి. ఆ లోపలి లైనక్స్ భాగాన్ని ఔత్సాహికులు ఓపెన్ కోడ్‌తో తిరిగి రాశారు, కావాలంటే ఎక్కించుకోవచ్చు. రేడియోని నడిపే సిగ్నల్ ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ మాత్రం ఇప్పటికీ కంపెనీదే. చాలామంది ఇది చదివి "మోడెమ్ కూడా ఓపెన్ అయిపోయింది" అని రాసేస్తుంటారు. కాలేదు. సగం తెరుచుకుంది.

లిబ్రెమ్ 5లో ఇంకో అడుగు ముందుకేశారు. మోడెమ్, వై-ఫై రెండూ ఎం.2 స్లాట్లలో పెట్టిన కార్డులు. స్క్రూ తీసి మార్చుకోవచ్చు. ఫోన్ మందంగా ఇటుకలా ఉండటానికి ఇదీ ఒక కారణం. కాల్ సమయంలో మాటని మోడెమ్ నుంచి స్పీకర్‌కి చేర్చే పని లిబ్రెమ్‌లో ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రామ్ చేస్తుంది. పైన్‌ఫోన్‌లో ఏ64లోని ఆడియో కోడెక్ అనే ధ్వని భాగమే రెండు వైపులా కలిపేస్తుంది. వాడేటప్పుడు తేడా తెలియకపోవచ్చు, కాల్‌లో అవతలివాళ్ల గొంతు వినపడని రోజున ఎక్కడ వెతకాలో మాత్రం దీన్నిబట్టే తెలుస్తుంది.

స్విచ్‌ల సంగతి. ఈ ఫోన్ల గురించి జనం ఎక్కువ మాట్లాడుకునేది వీటి గురించే. పైన్‌ఫోన్ వెనక మూత తీస్తే ఆరు బుల్లి స్విచ్‌లు వరసగా ఉంటాయి: మోడెమ్, వై-ఫై బ్లూటూత్, మైకు, వెనక కెమెరా, ముందు కెమెరా, హెడ్‌ఫోన్. చాలామంది అన్నీ కరెంటు కత్తిరిస్తాయనుకుంటారు. సర్క్యూట్ డయాగ్రమ్ చూస్తే అలా ఉండదు. మోడెమ్ స్విచ్ కరెంటు సరఫరానే ఆపుతుంది. మైకు స్విచ్ మైకు పనిచేయడానికి కావలసిన బయాస్ వోల్టేజీని తెంపుతుంది. కెమెరా స్విచ్‌లు మాత్రం "పడుకో" అని చెప్పే పిన్నుని పట్టి ఉంచుతాయి, కరెంటు తీయవు. ఆచరణలో అది చాలు, కెమెరా మేల్కోదు. అయినా తేడా తేడానే, తెలిసి వాడటం మంచిది. ఇంకో మెలిక, ఆ మైకు స్విచ్ ఫోన్‌లో ఉన్న మైకుకే, హెడ్‌ఫోన్ జాక్‌కి తగిలించిన మైకుకి కాదు.

జీపీఎస్ ఏదీ అంటారా? పైన్‌ఫోన్‌లో అది మోడెమ్ లోపలే ఉంది. మోడెమ్ ఆపితే దారి చూపేదీ ఆగిపోతుంది. లిబ్రెమ్ 5లో జీపీఎస్‌కి వేరే చిప్పు ఉంది, కాబట్టి సిమ్ నెట్‌వర్క్ ఆపేసి కూడా మ్యాప్ చూసుకోవచ్చు. అందులో స్విచ్‌లు మూడే, కానీ ఫోన్ పక్క అంచునే ఉంటాయి, మూత తీయక్కర్లేదు. మూడూ ఒకేసారి ఆపితే జీపీఎస్, కదలికల సెన్సర్లు, వెలుతురు సెన్సర్ కూడా ఆగిపోతాయి. వాడకానికి ఇదే మేలైన ఏర్పాటని నా అభిప్రాయం. మూత తీసి గోటితో జరపాల్సిన స్విచ్‌ని ఎవరూ రోజూ వాడరు.

ఆరో స్విచ్ గురించి ఒక మాట. దాన్ని ఆపితే హెడ్‌ఫోన్ జాక్ సీరియల్ కన్సోల్‌గా మారిపోతుంది. ఫోన్ బూట్ కానప్పుడు అక్కడ కేబుల్ పెట్టి కెర్నెల్ సందేశాలు చదవొచ్చు. నేనోసారి అలా డీబగ్ చేసి స్విచ్ వెనక్కి జరపడం మరిచిపోయాను. మర్నాడు హెడ్‌ఫోన్‌లో చప్పుడు రాలేదని ఆడియో డ్రైవర్ మొత్తం తిరగేశాను, కెర్నెల్ రెండుసార్లు మార్చాను. సాయంత్రం మూత తీసినప్పుడు కానీ బుర్ర వెలగలేదు.

వై-ఫై చిప్పుల దగ్గర చిన్న వాదన ఉంది. పైన్‌ఫోన్‌లోని రియల్‌టెక్ చిప్పుకి బూట్ అయిన ప్రతిసారీ సోర్సు లేని ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. లిబ్రెమ్ మొదటి కార్డుల్లో ఫర్మ్‌వేర్ కార్డు మీది ఫ్లాష్‌లోనే ఉంటుంది, కాబట్టి మీ డిస్కులో మూసిన ఫైలు ఏదీ కనపడదు. కనపడనంత మాత్రాన లేనట్టా? రెండిట్లోనూ నడిచేది మూసిన కోడే. నేనైతే కళ్లెదుట ఫైలుగా ఉన్నదాన్నే ఎంచుకుంటాను. ఏ వెర్షనో తెలుస్తుంది, లోపం బయటపడితే కొత్తది పెట్టుకోవచ్చు. దీని మీద నాతో గొడవపడేవాళ్లు చాలామందే ఉన్నారు.

కెమెరా విషయంలో మాత్రం ఆశలు తగ్గించుకోండి. మంచి ఫొటో లెన్సుతోనే రాదు. సెన్సర్ ఇచ్చే పచ్చి డేటాకి రంగు సరిచేసి, నలకలు తీసి, వెలుతురు చూసుకునే ఇమేజ్ ప్రాసెసర్ ఒకటి కావాలి. పెద్ద కంపెనీలు ఎక్కువ శ్రమ పెట్టేదీ, ఎక్కువ గుట్టుగా దాచేదీ ఇక్కడే. పైన్‌ఫోన్ వెనక కెమెరా 5 మెగాపిక్సెల్ ఓవీ5640. దీని లోపలే చిన్న ఇమేజ్ ప్రాసెసర్ ఉంది కాబట్టి ఏదో ఒక బొమ్మ వస్తుంది. లిబ్రెమ్ 5లో 13 మెగాపిక్సెల్ సెన్సర్ పెట్టారు, కానీ అది పచ్చి డేటా మాత్రమే ఇస్తుంది, ఐ.ఎంఎక్స్ 8ఎంలో ఇమేజ్ ప్రాసెసర్ లేనే లేదు. ఆ పనంతా సాఫ్ట్‌వేరే చేయాలి. మొదట్లో ఆ ఫోన్ కెమెరా అసలు పనిచేసేది కాదు, తర్వాత జనం డ్రైవర్లు రాసి దారికి తెచ్చారు. మెగాపిక్సెళ్లు ఎక్కువుంటే ఫొటో బాగుంటుందన్న లెక్క ఇక్కడ చెల్లదు.

బ్యాటరీ రెండిట్లోనూ ఊడదీసి మార్చుకోవచ్చు. పైన్‌ఫోన్‌ది శాంసంగ్ జే7 బ్యాటరీ ఆకారమే, కాబట్టి కొత్తది వెతుక్కోవడం తేలిక. పవర్ ఖర్చు తగ్గించే తీరులో ఒక అందమైన సంగతి ఉంది. ఏ64 లోపల పెద్ద కోర్లతో పాటు ఏఆర్100 అనే బుల్లి కోర్ ఉంటుంది. అది ఓపెన్‌రిస్క్ రకం, అంటే డిజైనే ఓపెన్‌గా ఉన్న వంశానికి చెందినది. దాని కోసం క్రస్ట్ అనే ఓపెన్ ఫర్మ్‌వేర్ రాశారు. ఫోన్ నిద్రపోయేటప్పుడు పెద్ద కోర్లని, ర్యామ్ క్లాకుల్ని ఆపేసి ఈ బుల్లిది ఒక్కటే కాపలా ఉంటుంది. కాల్ వస్తే మోడెమ్ ఒక పిన్ను మీద సైగ చేస్తుంది, బుల్లి కోర్ అందరినీ లేపుతుంది. క్రస్ట్ రాకముందు పైన్‌ఫోన్ ఒక పూట నిలబడటమే గగనం. బోర్డు మీద ఒక్క భాగమూ మారలేదు, కోడ్ రాయగలిగారు కాబట్టి బ్యాటరీ నిలిచింది.

సర్క్యూట్ డయాగ్రమ్ ఇస్తే మనకేం లాభం, మనం బోర్డు తయారుచేస్తామా అని మీరు అడగొచ్చు. రెండు సంగతులు చెబుతాను. ఫ్రీరన్నర్‌లో జీపీఎస్ ఉపగ్రహాల్ని పట్టుకోవడానికి చచ్చేంత సమయం తీసుకునేది. వెతికితే, పక్కనే ఉన్న ఎస్‌డీ కార్డు క్లాకు రొద జీపీఎస్ సిగ్నల్‌ని ముంచేస్తోందని తేలింది. కార్డుతో పని లేనప్పుడు క్లాకు ఆపేలా సాఫ్ట్‌వేర్ మార్చారు, చిన్న కెపాసిటర్ అతికించే వైద్యమూ దొరికింది. రెండోది, పైన్‌ఫోన్ 1.2 బోర్డులో యూఎస్‌బీ-సీకి డాక్ తగిలిస్తే మానిటర్ రావలసింది, రాలేదు. డయాగ్రమ్ ముందేసుకుని ఒక డెవలపర్ తప్పు ఏ చిప్పు దగ్గరుందో పట్టుకున్నాడు. సోల్డరింగ్ తెలిసినవాళ్లు తమ బోర్డులు తామే సరిచేసుకున్నారు, తర్వాతి బోర్డులో కంపెనీయే దిద్దింది. మామూలు ఫోన్‌లో ఇలాంటి తప్పు ఉంటే అది "మీ కేబుల్ లోపం" అయ్యేది.

ఇంత చెప్పాక, డయాగ్రమ్ ఇచ్చారంటే బోర్డు పూర్తిగా ఓపెన్ అయినట్టు కాదని కూడా చెప్పాలి. రాగి దారులు ఏ పొరలో ఎలా వేశారన్నది బోర్డు లేఅవుట్ ఫైలు. పైన్‌ఫోన్‌కి అది ఇవ్వలేదు. భాగాలు ఎక్కడున్నాయో చూపే పటం మాత్రం ఇచ్చారు. బాగుచేసుకోవడానికి అది చాలు, నకలు తీయడానికి చాలదు.

కొనేముందు చూసుకోవలసినవి. మొదటిది వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి. 3జీ మూసేసిన నెట్‌వర్కుల్లో వోల్టీ లేకపోతే నెట్ వస్తుంది కానీ కాల్ వెళ్లదు. ఈజీ25-జీకి వోల్టీ ఉంది, కానీ నెట్‌వర్కుని బట్టి మోడెమ్‌లో సరైన ప్రొఫైల్ ఎంచుకోవాలి. మీ నెట్‌వర్క్‌లో పనిచేసిందని వాడినవాళ్లెవరైనా చెబితే తప్ప నమ్మకండి. రెండోది, ఈ ఫోన్‌నే ఏకైక ఫోన్‌గా వాడతారా, పక్కన మరొకటి ఉంటుందా? కొత్తవాళ్లకి నేను రెండోదే చెబుతాను, మొదటి ఆరు నెలలైనా. మూడోది, వేగం చాలదనిపించేవాళ్లకి 2021లో ప్రకటించిన పైన్‌ఫోన్ ప్రో ఉండేది, 2025లో దాన్ని ఆపేశారు, అందులో ఆరు కోర్ల ఆర్‌కే3399ఎస్, 4 జీబీ ర్యామ్ ఉన్నాయి. మోడెమ్ అదే ఈజీ25-జీ, కూర్చున్నదీ అరుగు మీదే. ఇవేవీ కాక, స్నాప్‌డ్రాగన్ 845 చిప్పు ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ మీద పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లైనక్స్ వేసుకునే దారి కూడా ఉంది. వేగం ఎన్నో రెట్లు బాగుంటుంది, గ్రాఫిక్స్ డ్రైవరూ ఓపెనే. కానీ మోడెమ్ ప్రాసెసర్‌తో ఒకే చిప్పులో ఉంటుంది, స్విచ్‌లు ఉండవు. మీకు కావలసింది పాత ఫోన్‌కి కొత్త ఊపిరా, మోడెమ్‌ని దూరంగా పెట్టడమా అన్నది తేల్చుకుంటే ఎంపిక సులువు.

నేర్చుకోవడానికే అయితే ఏమీ కొనకుండానే మొదలుపెట్టొచ్చు. పైన్‌ఫోన్ సర్క్యూట్ డయాగ్రమ్ దించుకుని మోడెమ్ ఉన్న పేజీ తెరవండి. మాడ్యూల్ నుంచి బయటికి వచ్చే తీగలు ఎన్ని, ప్రతి ఒక్కటీ ఎక్కడికి వెళుతోందో పెన్సిల్‌తో గీసుకుంటూ పొండి. ఏదైనా తీగ దగ్గర ఆగిపోతే దాని పేరు ఇక్కడ రాయండి, అలాగే మీ నెట్‌వర్క్ ఏ బ్యాండ్లలో నడుస్తుందో కూడా రాయండి, మోడెమ్ పత్రంతో సరిచూసి చెబుతాను.